అరికాలి కొలత

జనవరి 11

మామయ్యకి,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. ఆలస్యానికి తిట్టుకో, కానీ ఉత్తరంలోనే తిట్టు. ఫోను మాత్రం చెయ్యకు. మొన్న నేను "వార్డు మారాను" అంటే నువ్వు "జారావా? ఎక్కడ జారావు? ఎముక విరిగిందా?" అని వీధి వీధంతా వినేట్టు అరిచావు. నేను జారలేదు. మారాను. సంగతి ఇదీ.

పెద్ద సిస్టర్ నన్ను ఆపరేషన్ వార్డు నుంచి తీసి బయటి పనిలో వేశారు. పెద్ద సిస్టర్ అంటే నీకు తెలుసుగా, ఈ ఆస్పత్రి నడిపే మఠంలో అందరికన్నా పెద్దావిడ. నన్ను నర్సింగు చదువులో చేర్చుకున్నదీ ఆవిడే. "ఆస్పత్రికి రాని వాళ్ళ దగ్గరికి ఆస్పత్రే నడిచి వెళ్ళాలి" అన్నది ఆవిడ పట్టు. అందుకని గురువారం కూరగాయల మార్కెట్ వెనక రేకుల షెడ్డుకీ, శనివారం బస్సు డిపోలో డ్రైవర్లు నడుం వాల్చే గదికీ వెళుతున్నాం. ఆరు ప్లాస్టిక్ బేసిన్లు, నలభై తువ్వాళ్ళు, గోరువెచ్చటి నీళ్ళు, సబ్బు, ఒక చేతి అద్దం. అంతే మా సరంజామా. షుగర్ ఉన్నవాళ్ళ కాళ్ళు కడిగి, వేళ్ళ సందులు తుడిచి, అరికాలు అద్దంలో వాళ్ళకే చూపిస్తాం. తరవాత కళ్ళు మూసుకోమని, సన్నటి నైలాను పోగు అరికాలికి ఆనించి "తగిలినప్పుడు చెప్పండి" అంటాం. తగిలినా తెలియడం లేదంటే ఆ కాలు మొద్దుబారినట్టు.

పోయిన గురువారం మూటలు మోసే ఒకాయన వచ్చాడు. "నాకేం జబ్బు లేదు, వేడినీళ్ళని విని వచ్చా" అన్నాడు. జోడు విప్పితే అడుగు చీల్చుకుని మేకు లోపలికి దిగి ఉంది. తెల్లవారుజాము నుంచి దాని మీద నడుస్తూనే మూటలు మోశాడట. మేజోడు మీద రక్తం చూసి, "ఎవరిదమ్మా ఇది?" అని నన్ను అడిగాడు.

పెద్ద సిస్టర్ చేసే రెండు నిమిషాల ప్రార్థనతో పని మొదలవుతుంది. ఆ తరవాత మధ్యాహ్నం దాకా నేను మోకాళ్ళ మీదే ఉంటాను. నిజం చెప్పనా మామయ్యా, వార్డులో నాలుగేళ్ళలో దొరకని ప్రశాంతత నాకిక్కడ దొరికింది. ఇక నా దారి ఇదే అనిపిస్తోంది.

ఒక సందేహం. అలాంటి కాలికి ఎలాంటి జోడు ఉండాలి? నలభై ఏళ్ళుగా జోళ్ళు కుడుతున్న నీకు తప్ప ఇంకెవరికి తెలుస్తుంది?

వేళకి తిను. టీతో కడుపు నింపుకోకు.

నీ అమ్మడు

---

జనవరి 20

అమ్మడూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నా కళ్ళు మోసం చేస్తున్నాయేమోనని పక్క షాపు వాచీలాయన చేత ఐదోసారి చదివించాను. కళ్ళ తప్పేం లేదు. మోకాళ్ళ మీద ఉంటున్నావు. ప్రార్థన. ప్రశాంతత. ఇక నా దారి ఇదే.

సూటిగా అడుగుతున్నాను. మఠంలో కలిసిపోతున్నావా? జుట్టు కత్తిరించుకున్నావా?

ఆ సిస్టర్ల మీద నాకేం కోపం లేదు. నిన్ను చదివించారు, నీడనిచ్చారు. నేను ఏ దేవుడి గడపా తొక్కేవాణ్ణి కాదు, ఏ దేవుడితోనూ తగాదా పెట్టుకున్నవాణ్ణీ కాదు. కానీ చదువుకోమని పంపితే మనిషినే ఉంచేసుకుంటారా?

ఇది ఒకటి. రెండోది రాయకుండా ఉందామనుకున్నాను, చెయ్యి ఆగలేదు. మీ అమ్మ పోయేనాటికి నీకు ఏడేళ్ళు. నా స్టూలు పక్కన నేల మీద కూర్చుని లెక్కలు చేసుకునేదానివి. వచ్చినవాళ్ళు కాలు చాపి నా ముందు పెట్టేవాళ్ళు. ఒక్కడూ నా మొహం చూసి మాట్లాడేవాడు కాదు. ఈ పిల్ల మనుషుల మొహాలు చూస్తూ బతికే పని చెయ్యాలని అప్పుడే అనుకున్నాను. నువ్వు తెల్లబట్టలు వేసుకుని, ఆ మెషీన్ల మధ్య నిలబడి తీయించుకున్న ఫొటో షాపులో వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చూపించాను. ఇప్పుడు మార్కెట్టు షెడ్డులో కూర్చుని ఊళ్ళోవాళ్ళ కాళ్ళు కడుగుతున్నావా? ఏం తప్పు చేశావని ఆ శిక్ష? నేను వచ్చి మీ పెద్ద సిస్టర్‌తో మాట్లాడనా?

జోడు సంగతి. అడిగావు కాబట్టి చెబుతున్నాను, ఒప్పుకున్నానని కాదు. మొద్దుబారిన కాలికి లోపల ఒక్క కుట్టు కూడా తగలకూడదు. వేళ్ళ దగ్గర ఎత్తు ఎక్కువ ఉండాలి. తాళ్ళు బొటనవేలి దాకా విప్పుకునేట్టు ఉంటే కాలు దూర్చక్కర్లేదు, పరుపు మీద పెట్టినట్టు పెట్టొచ్చు. లోపల మెత్తటి రబ్బరు, కింద మేకు దిగని గట్టి రబ్బరు, రెండూ అతికించాలి. మేకులు కొట్టకూడదు, జిగురు, దారం, అంతే. ఇలాంటిది షాపుల్లో దొరకదు. కుట్టేవాళ్ళూ మిగల్లేదు. నేనున్నాననుకో.

వాచీలాయన నా గోడ గడియారం బాగుచేశానన్నాడు. ఇప్పుడది గంటకోసారి కాకుండా తనకి తోచినప్పుడు కొడుతోంది. అడిగితే నన్నే ఓపిక పట్టమంటున్నాడు.

మొదటి ప్రశ్నకి వెంటనే జవాబు రాయి.

మామయ్య

---

జనవరి 29

మామయ్యా,

జుట్టు ఉంది. నడుం దాకా ఉంది. మఠంలో కలవడం లేదు. మోకాళ్ళ మీద ఉండేది కాళ్ళు కడగడానికి. నీ ఉత్తరం మొదటి పేజీ పెద్ద సిస్టర్‌కి చదివి వినిపించాను. ఆవిడ కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకునేంత నవ్వారు. "ఈ పిల్లకి నోరు ఎక్కువ, మఠంలో నెల్లాళ్ళు కూడా నిలవదని మీ మామయ్యకి రాయి" అన్నారు.

రెండో పేజీ ఎవరికీ చదవలేదు. అది చదివి తువ్వాళ్ళ గదిలోకి వెళ్ళి కాసేపు కూర్చున్నాను.

ఇది శిక్ష కాదు. నేనే అడిగి వచ్చాను. వార్డులో నా పని ఏమిటో నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. పోయినేడు మా వార్డు నుంచి పదకొండు మంది ఒక కాలితో ఇంటికి వెళ్ళారు. అందులో తొమ్మిది మందికి పుండు పడ్డ సంగతే తెలియదు, వాసన వచ్చేదాకా. ఒకావిడ బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ. నిప్పు రవ్వ కాలి మీద పడి చల్లారిపోయింది, ఆవిడ ఇస్త్రీ చేస్తూనే ఉంది. ఆపరేషన్ అయ్యాక నన్ను పిలిచి, "ముందే ఎవరన్నా ఒక్కసారి నా కాలు చూసి ఉంటే?" అంది. ఆ మధ్యాహ్నమే పెద్ద సిస్టర్ దగ్గరికి వెళ్ళి, బయటికి పంపమని అడిగాను.

నువ్వు నన్ను మొహాలు చూసే పని చెయ్యమన్నావు. కాలు చేతిలోకి తీసుకుంటే ఆ మనిషి మొహం ఎలా మారుతుందో నీకు చెప్పలేను. నీ ముందు కాలు చాపినవాళ్ళు నీ మొహం చూడలేదేమో. నేను చూశాను, నీ పక్కనే కూర్చుని. ఎవరి జోడు పట్టుకున్నా నువ్వు కోపంగా పట్టుకోగా నేను చూడలేదు.

కోపం పోతే ఈ కాగితం విప్పు. మూటలాయన పాదాలు, నేనే గీశాను. ఆయనకి గాయం మానింది. వేసుకోవడానికి మాత్రం ఆ పాత జోడే ఉంది. నువ్వున్నావు కదా అని పంపుతున్నాను.

నీ అమ్మడు

---

ఫిబ్రవరి 14

అమ్మడూ,

పార్శిలు విప్పేముందు ఇది చదువు.

నువ్వు గీసిన గీత చూస్తే నవ్వొచ్చింది. పెన్సిలు వంచి పట్టుకున్నావు, మధ్యలో పాదం కిందికి దూరిపోయింది. పెన్సిలు గోడలా నిటారుగా ఉండాలి. మనిషిని కూర్చోబెట్టి గియ్యకు, నిలబెట్టు. కూర్చున్న కాలు వేరు, బరువు మోస్తున్న కాలు వేరు. ఇంకో మాట, మధ్యాహ్నం మీద గీయి. పొద్దుటికీ సాయంత్రానికీ కాలు అరవేలు పెరుగుతుంది.

మీ మూటలాయన ఎడమ భుజం మీద మోస్తాడు కదూ? ఎడమ పాదం పరుచుకుపోయింది. దానికి తగ్గట్టు ఎడమ జోడు వెడల్పు చేశాను. రెండూ ఒకేలా లేవేమిటని అడిగితే, కాళ్ళే ఒకేలా లేవని చెప్పు. మొదటి రోజు గంటసేపే వేసుకోవాలి. రెండో రోజు రెండు గంటలు. ఎర్రగా కందిన చోటు ఉంటే నాకు రాయి.

నా పోయిన ఉత్తరం రెండో పేజీ గురించి. నీ జవాబు వాచీలాయనకి చూపించాను. చదివి, మడిచి నా చేతిలో పెట్టి, సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండటం ఆ మనిషికి ఎంత కష్టమో నీకు తెలుసు. నాకు అర్థమైంది. అంతకన్నా నా చేత రాయించకు.

పని చేస్తుంటే హాయిగా ఉంది. ఈ మధ్య వచ్చేవన్నీ పెకిలిపోయిన అతుకులూ, తెగిన జిప్పులూను. మొదటి నుంచి చివరి దాకా ఒక జోడు కుట్టి ఎన్నాళ్ళయిందో. ఆ తొందరలో మంగళవారం మరిగే జిగురు గిన్నె తన్నేశాను. కాలి మీద పడిందన్న సంగతి, మేజోడు చర్మానికి అతుక్కుపోయిందని వాచీలాయన కేక పెడితేగానీ తెలియలేదు. నలభై ఏళ్ళ పనికి చర్మం తోలు కన్నా మందంగా తయారైంది. అదీ ఒక లాభమే.

నీళ్ళలో మోకాళ్ళు నానబెట్టకు. కింద గోనెసంచీ మడిచి వేసుకో.

మామయ్య

---

ఫిబ్రవరి 22

మామయ్యా,

మూటలాయన జోడు వేసుకుని షెడ్డంతా మూడుసార్లు తిరిగాడు. తరవాత విప్పి సంచిలో పెట్టుకున్నాడు. ఎందుకంటే, "మాసిపోతుందమ్మా" అన్నాడు. నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఎర్రబడిన చోటు ఒక్కటీ లేదు. పెద్ద సిస్టర్ జోడు లోపల చెయ్యి పెట్టి తడిమి, "ఒక్క కుట్టు తగల్లేదు. మీ మామయ్య ప్రార్థన చెయ్యడని ఎవరన్నారు?" అన్నారు.

ఏడుగురి పాదాలు పంపుతున్నాను. పెన్సిలు నిటారుగానే పట్టాను.

ఇప్పుడు ఆ జిగురు సంగతి. నువ్వు నవ్వుతూ రాశావు, నాకు మాత్రం నవ్వు రాలేదు. మరిగే జిగురు పడితే ఏ చర్మానికైనా తెలియాలి మామయ్యా. మందంగా ఉండటం కాదది. ఇస్త్రీ ఆవిడ కూడా ఇలాగే చెప్పింది. నువ్వు షుగర్ ఎప్పుడు చూపించుకున్నావు? కాలిన చోటు మానిందా? రంగు ఎలా ఉంది?

కవరులో ఒక నైలాను పోగు పెట్టాను. కళ్ళు మూసుకుని కూర్చుని వాచీలాయన చేత పది చోట్ల ఆనింపించుకో. ఎన్నిచోట్ల తెలిసిందో నిజం రాయి. నీ పాదం కూడా కాగితం మీద గీసి పంపు. చుట్టూ వాపు ఉందేమో గీతలో నాకు కొంత తెలుస్తుంది.

నీ కాళ్ళు పట్టుకుంటాను మామయ్యా. కాళ్ళు పట్టుకోవడం నాకు ఉద్యోగమే కాబట్టి తేలిగ్గా అంటున్నాననుకోకు.

అమ్మడు

---

మార్చి 5

అమ్మడూ,

నర్సు చదువు చదివిన పిల్ల ఇంట్లో ఉంటే తుమ్మినా తప్పే, దగ్గినా తప్పే. నువ్వు ఊళ్ళో లేవు కదా, కాస్త నిమ్మళంగా ఉందామంటే పోస్టులో కూడా వచ్చి పడుతున్నావు.

కాలిన చోటు మానిపోయింది. పోగు పరీక్ష అయింది. పదికి పదీ తెలిశాయి. పరీక్షలో నాకు మొదటిసారి నూటికి నూరు వచ్చిందని వాచీలాయన అన్నాడు. పాదం గీసి పంపుతున్నాను, చూసుకుని సంతోషించు. షుగర్ ఎప్పుడో చూపించుకున్నాను. ఏదో కొంచెం ఉందన్నారు. ఈ వయసులో ఎవరికి లేదు?

ఏడు జతల్లో నాలుగు పంపుతున్నాను. మిగతా మూడూ పది రోజుల్లో. మూడో కాగితం ఆవిడ ఎవరు? ఆ మడమ చూస్తే చిన్నప్పుడు చాలా ఆటలు ఆడిన మనిషిలా ఉంది. అడిగి రాయి.

గడియారం ఇప్పుడు కొట్టడం పూర్తిగా మానేసింది. హాయిగా ఉంది.

మామయ్య

---

మార్చి 13

మామయ్యా,

ఈ పాదం నీది కాదు.

చిన్నప్పుడు నీ పాదాల మీద నా పాదాలు పెట్టి నిలబడితే, షాపు నుంచి ఇంటి దాకా అలాగే నడిపించేవాడివి. దారంతా కిందికే చూస్తూ వచ్చేదాన్ని. నీ చిటికెనవేలు పక్క వేలి మీదికి ఎక్కి కూర్చుంటుంది. ఈ కాగితం మీద ఐదు వేళ్ళూ బుద్ధిగా వరసలో నిలబడ్డాయి. ఎవరి కాలిది? వాచీలాయనదా?

ఇంతకుముందు నువ్వు నాకు అబద్ధం చెప్పగా నేను ఎరగను. అమ్మ పోయిన రోజు కూడా చెప్పలేదు. చుట్టుపక్కల అందరూ "ఊరెళ్ళింది" అంటుంటే, నువ్వొక్కడివే నన్ను కూర్చోబెట్టుకుని నిజం చెప్పావు. ఇప్పుడెందుకు అబద్ధం చెప్పావు? నా చదువు మీద నమ్మకం లేకనా? షెడ్డులో కాళ్ళు కడిగే పిల్లకి ఏం తెలుస్తుందనా? కూలివాళ్ళూ డ్రైవర్లూ నన్ను నమ్మి కాలు చేతిలో పెడుతున్నారు. నువ్వు మాత్రం పక్క షాపాయన కాలు పంపుతావు.

కోపంగా రాస్తున్నాను, తెలుసు. ఈ నెల 28న సెలవు దొరికింది. వస్తాను. ఈలోపు, ఈ ఉత్తరం చదివిన రోజే, దగ్గరున్న డాక్టరుకి కాలు చూపించు. మిగతా మూడు జతలూ కుట్టకు. ఒక్క కుట్టు కూడా వెయ్యకు.

అమ్మడు

---

మార్చి 20

అమ్మడూ,

చెయ్యి నొప్పిగా ఉండి వాచీలాయన చేత రాయిస్తున్నాను. నేను బాగున్నాను.

(అమ్మా, నేను వాచీలాయనని. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాడు, రాస్తున్నాను. కానీ ఆయన బాగాలేడు. చెయ్యి నొప్పి కూడా కాదు, జ్వరంతో వణుకు.)

నీ ఉత్తరం అందింది. ఆ గీత పొరపాటున మారిపోయింది. షాపులో కాగితాలు కలిసిపోతుంటాయి.

(మారలేదు. అది నా కాలు. నాకు కొత్త జోడు కుడతానని చెప్పి గీశాడు. నేను నిజంగానే నమ్మి ఇన్నాళ్ళూ ఎదురు చూస్తున్నాను.)

మూడు జతలూ అయిపోయాయి. నువ్వు వద్దంటే మానేవాణ్ణి కాదని నీకు తెలుసుగా. రేపు పోస్టు చేయిస్తాను. కాలు స్టూలు మీద పెట్టుకుని కుడుతున్నాను కాబట్టి శ్రమ లేదు.

(కాలు పిండిబొమ్మలా వాచింది. జిగురు పడ్డ చోట పుండు పడి వేళ్ళ దాకా పాకింది. చివరి రెండు వేళ్ళూ నల్లబడ్డాయి. గుడ్డ కట్టి పైన మేజోడు వేసుకుంటున్నాడు, పోగు పరీక్ష అయ్యాక మళ్ళీ నాకు చూపించలేదు. ఇవాళ వాసనని బట్టి పట్టుకున్నాను. షుగర్ మాత్రల డబ్బా సీలు కూడా తియ్యలేదు. డాక్టరంటే వినడం లేదు. నా మాట ఆయన దగ్గర చెల్లదు. నువ్వు 28 దాకా ఆగకు తల్లీ, వెంటనే బయలుదేరు.)

నువ్వు సెలవు పాడుచేసుకుని రానక్కర్లేదు. అక్కడ నీ కోసం చూసేవాళ్ళున్నారు.

(ఏం రాస్తున్నావయ్యా ఇంతసేపు, నేను చెప్పింది నాలుగు ముక్కలేగా అంటున్నాడు. కవరు అంటించేస్తున్నాను.)

మామయ్య

---

జూన్ 3

మామయ్యా,

నువ్వు బస్సెక్కి వెళ్ళి వారమైంది. రెండు నెలలు మా ఆస్పత్రిలో నువ్వు పడుకున్న మంచం మీద ఇప్పుడు డిపో డ్రైవరు ఒకాయన ఉన్నాడు. ఆ వరండాలోంచి వెళ్ళినప్పుడల్లా అటే చూస్తున్నాను.

ఎదురుగా ఉన్నప్పుడు చెప్పలేనివి కొన్ని ఉండిపోయాయి.

రెండు వేళ్ళు తీసేశారు. పాదం దక్కింది. వాచీలాయన రాసింది చూసి ఆ రోజే బయలుదేరి వచ్చి నిన్ను తీసుకురాబట్టి సరిపోయింది, ఇంకో వారం ఆలస్యమైతే మోకాలి దాకా పోయేదని డాక్టరుగారు అన్నది నీకు తెలుసు. ఆ మాట విని నేను నీళ్ళ ట్యాంకు వెనక కూర్చుని ఏడ్చింది నీకు తెలియదు. వాచీలాయనకి నేనొక గడియారం బాకీ. వద్దులే, ఆయన గడియారాలే బాగుచేస్తాడు కదా, ఇంకేదన్నా ఇస్తాను.

మొదటి కట్టు మార్చే రోజు నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నావు. "ఇంకెవరన్నా నర్సుని పిలు, నువ్వొద్దు" అన్నావు. నేను బేసిను పట్టుకుని అలాగే నిలబడ్డాను. నాకు మళ్ళీ అదే అనిపించింది, నా పని నీకు నచ్చలేదని. అప్పుడు పెద్ద సిస్టర్ వచ్చి నీ మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు. "అయ్యా, నలభై ఏళ్ళు ఎంతమంది కాళ్ళు పట్టుకున్నారు?" అన్నారు. "లెక్కలేదమ్మా" అన్నావు. "మీ కాలు ఎవరన్నా పట్టుకున్నారా?" అన్నారు. చాలాసేపటికి దుప్పటి కింద నుంచి కాలు బయటికి వచ్చింది.

నేను కడుగుతుంటే ఒక్కటే అడిగావు. "అసహ్యం వెయ్యడం లేదా?" అని. నేను తల అడ్డంగా ఊపాను. నువ్వు గోడవైపు ఉన్నావు, చూసి ఉండవు. అందుకే రాస్తున్నాను. వెయ్యలేదు. నా చెయ్యి కింద నీ మడమ వెచ్చగా ఉంది. బతికి ఉన్న వెచ్చదనం అది. నాకు ఇంకేమీ గుర్తులేదు.

ఒక సంగతి. మన ఊళ్ళో ఈ మఠంవాళ్ళదే ఒక చిన్న క్లినిక్ ఉంది కదా, ప్రతి శుక్రవారం తెరిచేది. అక్కడి నర్సుకి పెద్ద సిస్టర్ ఉత్తరం రాశారు. గురువారాలు నీ షాపులో కాళ్ళు చూసి, అనుమానం ఉన్నవాళ్ళని శుక్రవారం ఆవిడ దగ్గరికి పంపగలవేమో అడగమన్నారు. జోళ్ళు ఎలాగూ నువ్వే కుడతావు. బలవంతం లేదు. బేసినూ, అద్దమూ, పోగులూ పంపుతున్నాను. నచ్చకపోతే బేసిన్లో తోలు నానబెట్టుకో.

మాత్రలు వేసుకుంటున్నావా? వాచీలాయన చేత సాక్షి సంతకం పెట్టించి పంపు.

నీ అమ్మడు

---

జూన్ 25

అమ్మడూ,

మాత్రలు వేసుకుంటున్నాను. సాక్షి సంతకం పెట్టమంటే వాచీలాయన, డబ్బాలో మాత్రలు లెక్కపెట్టిగానీ పెట్టనన్నాడు. లెక్క సరిపోయింది. సంతకం కింద ఉంది. ఆయనకి జోడు కూడా కుట్టాను, నిజంగానే.

నీకు ఒక జవాబు బాకీ ఉన్నాను. గీత ఎందుకు మార్చానని అడిగావు. నీ మీద నమ్మకం లేక కాదు. ఆ పోగు పరీక్ష నేను నిజంగానే చేయించుకున్నాను. వాచీలాయన పది చోట్ల ఆనించాడు. నాకు రెండే తెలిశాయి. ఆ సంగతి నీకు నేనే రాస్తానని ఆయన్ని నమ్మించాను. ఆ రోజు నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను, ఒక కాలితో ఇంటికెళ్ళిన పదకొండు మంది సంగతి. భయమేసింది. కాలు పోతుందని ఒక భయం. అంతకన్నా పెద్దది ఇంకొకటి. నువ్వు పని మానేసి వచ్చి నా మంచం దగ్గర కూర్చుండిపోతావని. షెడ్డులో అంతమంది నీ కోసం కూర్చుని ఉంటారు కదా. అందుకని అలా చేశాను. దాచిపెడితే చివరికి నిన్ను రెండు నెలలు మంచం దగ్గరే కూర్చోబెట్టాను. నా తెలివి అలా ఉంది.

ఇక గురువారం సంగతి.

తొమ్మిదింటికే బల్ల తుడిచి, బేసిను పెట్టి, "ఇక్కడ కాళ్ళు చూడబడును" అని అట్ట మీద రాసి తలుపుకి తగిలించాను. పదకొండు దాకా ఒక్కడూ రాలేదు. వాచీలాయన జాలిపడి వచ్చి కడిగించుకున్నాడు. ఆయన కాళ్ళు నాకు తెలిసినవే.

పదకొండున్నరకి రిటైరైన హెడ్మాస్టరుగారు వచ్చారు. ఇరవై ఏళ్ళుగా ఆయన బూట్లు నేనే బాగుచేస్తున్నాను, కాలు మాత్రం ఎప్పుడూ చూడలేదు. బూట్లు వేరే సంచిలో పెట్టుకొచ్చి బల్ల మీద పెట్టే మనిషి. బోర్డు చదివి, "చూడబడునులో డకారం సరిగా రాయలేదు" అన్నారు.

"కూర్చోండి సార్, కాలు చూస్తాను" అన్నాను.

"నువ్వు డాక్టరువా?"

"కాదు సార్. షుగర్ ఉందా మీకు?"

"ఉంటే ఉంది. నాకేం లేదయ్యా, బాగానే ఉన్నాను. అడుగు ఒకటి అరిగింది, అది వెయ్యి చాలు."

అమ్మడూ, ఆ "బాగానే ఉన్నాను" అచ్చం నా గొంతులా వినిపించింది. మీ పెద్ద సిస్టర్‌లా మాట్లాడటం నాకు రాదు. స్టూలు మీద కూర్చుని నా కుడి జోడు విప్పాను. మేజోడు కూడా తీశాను. ఆస్పత్రి నుంచి వచ్చాక అది ఇంకొకరి ముందు తియ్యడం అదే మొదటిసారి. వాచీలాయన దగ్గర కూడా తియ్యలేదు.

హెడ్మాస్టరుగారు చాలాసేపు చూశారు.

"ఎప్పుడు?" అన్నారు.

"మార్చిలో."

"బాగా నొప్పి పుట్టిందా?"

"పుట్టలేదు సార్. పుట్టి ఉంటే వేళ్ళు ఉండేవి."

ఆయనే వంగి కాళ్ళకున్న బూట్ల తాళ్ళు విప్పుకున్నారు. నేను విప్పబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

గోరువెచ్చటి నీళ్ళలో కడిగాను. వేళ్ళ సందులు నువ్వు నాకు తుడిచినట్టే తుడిచాను. కళ్ళు మూసుకోమని, తగిలినప్పుడు చెప్పమన్నాను. బొటనవేలి కింద ఆనించాను. మడమ దగ్గర, నడిమధ్య, చిటికెనవేలి మొదట్లో ఆనించాను. అన్నీ అయ్యాయి. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చునే ఉన్నారు.

"మొదలుపెట్టవేమయ్యా?" అన్నారు.

అద్దం కింద పెట్టి చూపించాను. మడమ పగులులో చొక్కా గుండీ అంత పుండు ఉంది. ఆయన అద్దం చేతిలోకి తీసుకుని, పాఠం చదివినట్టు దగ్గరగా పెట్టుకుని చూశారు. నేను మడమ వదల్లేదు, అలాగే పట్టుకుని ఉన్నాను.

మర్నాడు వాచీలాయన్ని తోడిచ్చి క్లినిక్కి పంపాను. పుండు పైపైనే ఉందనీ, వేళకి వచ్చారనీ నర్సు అందట. శుభ్రం చేసి కట్టు కట్టింది. మూడు వారాల్లో మానుతుందంది. వచ్చే గురువారానికి ఆయనే ఇంకో ఇద్దరు మాస్టార్లని తీసుకొస్తానన్నారు. తువ్వాళ్ళు ఇంకో డజను పంపు.

ఆ గురువారం వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి అడిగారు. "చెప్పులు కుట్టేవాడివి, ఇదంతా ఎవరు నేర్పారయ్యా నీకు?"

"మా అమ్మాయి" అన్నాను.

"డాక్టరా?"

"కాదు సార్. మార్కెట్టు షెడ్డులో కాళ్ళు కడుగుతుంది" అన్నాను. వీధి వీధంతా వినేట్టు చెప్పాను.

మామయ్య

(లెక్క సరిపోయింది. సాక్షి: వాచీలాయన.)